పని వెదకుట, పనివానిని వెదకుట

నెల్లూరు తీరమున రొయ్యల పట్టుబడి తరచుగా చీకటి యుండగనే మొదలగును. ఎండ ఎక్కక మునుపే రొయ్యను వలలోనుండి తీసి, కడిగి, తూచి, మంచులో వేసి లారీ కెక్కింపవలయును. ఒక గుంటకు వల లాగువారు, ఏరువారు, బుట్టలు మోయువారు, తూకము చూచువారు, మంచు కొట్టువారు అందరును కలిసి పదిమందికి తక్కువ కాకుండ కావలయును. వారు ఆ రాత్రికే రావలయును. మరునాడు వచ్చినచో ప్రయోజనము లేదు. ఆ రాత్రియే పది పన్నెండు కిలోమీటర్ల దూరమున మరియొక పాలెములో అట్టి పని చేయగల పదిమంది పనిలేక యింట నుండవచ్చును. రైతునకు వారి సంగతి తెలియదు. వారికి ఆ గుంట సంగతి తెలియదు. ఉభయుల సంగతియు తెలిసినవాడు ఎవడైన నున్నచో అతడు ముఠా మేస్త్రీ. అతనికి తెలిసినంత మేరకే రైతునకు మనుషులు, మనుషులకు పని.

ఈ ఎడమును తగ్గించుటకై ఏర్పడిన సాధనమే అంతర్జాల ఉపాధి విపణి. పని కావలసినవారు తమ ఊరు, తమకు వచ్చిన పని, తాము రాగల దినములు ఒక పట్టికలో నమోదు చేసికొందురు. పని యిచ్చువారు తమకు ఎందరు, ఎప్పుడు, ఎక్కడ, ఎంత కూలికి కావలయునో నమోదు చేయుదురు. కంప్యూటరు ఈ రెండు పట్టికలను సరిపోల్చి ఒకరి సంగతి మరియొకరికి క్షణములలో తెలియజేయును. కేంద్ర కార్మిక మంత్రిత్వశాఖ 2015 జూలై 20న ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ అను వేదిక ఇట్టిదే. అసంఘటిత కార్మికుల జాబితా కొరకు 2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్ తరువాత దానితో అనుసంధింపబడినది. ప్రైవేటు సంస్థలు నడుపునవి అనేకములు కలవు. పట్టణములలో చదువుకొన్న యువకులకు ఇవి కొత్తవి కావు. గుంటలు, ఉప్పుమడులు, పడవలు, వరిమళ్ళు గల తీరమున ఇట్టి విపణి ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అనునదే ఇక్కడ విచారింపదగిన విషయము.

నిలువ యుండని సరకు

శ్రమ యనునది విచిత్రమైన సరకు. ధాన్యము ఈ దినము అమ్ముడుపోకున్నచో గాదెలో నుండును. ఉప్పు రాశి వానకు తడవకున్న చాలును. తుదకు చేపను సైతము మంచులో కొన్ని దినములు నిలుపవచ్చును. కూలివాని దినము అట్టిది కాదు. ఉదయమునకు పని దొరకనిచో ఆ దినము పోయినట్లే. మరునాడు దానిని కలిపి రెండు దినములుగా అమ్ముటకు వీలు లేదు. కాబట్టి సమాచారము ఆలస్యమగుటవలన కలుగు నష్టము తక్కిన విపణులలోకంటె శ్రమ విపణిలో ఎక్కువ.

పూర్వపు అర్థశాస్త్ర గ్రంథములు ఈ సంగతిని అంతగా పట్టించుకొనలేదు. కొనువారికి, అమ్మువారికి అన్ని ధరలును తెలిసియుండునని వారి ఊహ. సమాచారమును వెదకుటకు కూడ ఖర్చు కలదని, ఆ ఖర్చును లెక్కలోనికి తీసికొనవలయునని అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జి స్టిగ్లరు 1961లో వ్రాసెను. మరుసటి సంవత్సరము దానినే శ్రమ విపణికి అన్వయించెను. ఒకే ప్రాంతమున ఒకే కాలమున ఖాళీ ఉద్యోగములును, నిరుద్యోగులును ఎట్లు ఉండగలరను ప్రశ్నకు గణితరూపమున సమాధానము చెప్పిన పీటర్ డైమండ్, డేల్ మోర్టెన్సన్, క్రిస్టఫర్ పిస్సరైడిస్ అను మువ్వురకు 2010లో నోబెల్ బహుమానము లభించినది. ఆ సిద్ధాంతముయొక్క సారాంశము ఇది: వెదకుటకు కాలమును, డబ్బును పట్టునంతవరకు పని ఉండియు పనిలేనివారు ఉందురు. అది వారి సోమరితనమువలన కలిగిన స్థితి కాదు.

సమాచారము త్వరగా అందినచో ఎంత మార్పు కలుగునో తెలిసికొనుటకు మరియొక తీరపు ఉదాహరణ కలదు. అది శ్రమకు గాక చేపకు సంబంధించినది, ఐనను లెక్క మాత్రము అదే. కేరళలో 1997 జనవరి 14న బడగర రేవునకు వచ్చిన 11 మంది జాలరులకు కొనువారు లేక, తెచ్చిన కవళ్ళను సముద్రములోనే పారబోయవలసి వచ్చెను. అదే ఉదయమున 15 కిలోమీటర్ల లోపలనున్న రేవులలో 27 మంది కొనుగోలుదారులు చేప దొరకక ఉత్తచేతులతో మరలుటకు సిద్ధముగా నుండిరి. ఆ సంవత్సరము మొదలుకొని ఆ తీరమున సెల్‌ఫోను గోపురములు ఒక్కొక్కటిగా లేచినవి. పడవలోనుండియే ఏ రేవున ఎంత ధర కలదో కనుగొనుటకు వీలు కలిగినది. రాబర్ట్ జెన్సెన్ అను అర్థశాస్త్రజ్ఞుడు ఈ మార్పును వారము వారము లెక్కించి 2007లో ప్రకటించెను. ఫోను రాక మునుపు దినసరి పట్టుబడిలో 5 నుండి 8 శాతము వృథా యగుచుండెను. తరువాత వృథా దాదాపు లేకుండ పోయెను. జాలరుల లాభము సుమారు 8 శాతము పెరిగెను, కొనువారికి ధర 4 శాతము తగ్గెను. సముద్రములో చేప పెరుగలేదు. ఎవరికి ఎక్కడ కావలయునో తెలిసినది, అంతే.

కలిసియుండుటలోని గణితము

ఇప్పుడు చేపకు బదులు మనిషి దినమును ఊహింపుడు. తీరమున పది ఊళ్ళు కలవనుకొందము. ఒక్కొక్క ఊరి మేస్త్రీకి సగటున దినమునకు 16 మంది కూలీలు కావలసి వచ్చును. ఐతే ఇది సగటు మాత్రమే. ఒకనాడు 20 మంది కావలయును, ఒకనాడు 12 మందితో సరిపోవును. ఎప్పుడో ఒకనాడు 24 మంది కావలయును. గణితశాస్త్రజ్ఞులు ఇట్టి హెచ్చుతగ్గులకు ప్రామాణిక విచలనమని పేరు పెట్టిరి. ఇక్కడ అది 4 అనుకొందము. ఏ రైతును కాదనకుండ ఉండవలయునన్న మేస్త్రీ సగటునకు ఆ విచలనమునకు రెట్టింపు చేర్చి 24 మందిని అందుబాటులో నుంచుకొనును. పది ఊళ్ళలో పదిమంది మేస్త్రీలును విడివిడిగా ఇట్లే చేసినచో మొత్తము 240 మంది ఎదురుచూచుచుందురు. పని మాత్రము సగటున 160 మందికే. అనగా ఒక్కొక్కనికి నెలకు సుమారు 20 దినములు.

పది ఊళ్ళను ఒకే పట్టికలో కలిపినచో ఏమగును? సగటులు కలిసి 160 అగును. విచలనములు అట్లు కలియవు. ఒక ఊరిలో పని ఎక్కువైననాడే మరియొక ఊరిలో తక్కువ కావచ్చును. ఒకదాని నొకటి కొంతవరకు కొట్టివేయును. ఊళ్ళ హెచ్చుతగ్గులు ఒకదానితో నొకటి సంబంధము లేనివైనచో, కలిపిన విచలనము నాలుగును పదిచే గుణించిన 40 కాక, నాలుగును పదియొక్క వర్గమూలముచే గుణించిన 12.6 మాత్రమే యగును. దాని రెట్టింపు 25. కాన 185 మందితోనే అన్ని గుంటలకును లోటులేకుండ మనుషుల నంపవచ్చును. ఒక్కొక్కనికి నెలకు సుమారు 26 దినములు పని దొరకును.

ఇది భీమా సంస్థలకు, విద్యుత్కేంద్రములకు, టెలిఫోను ఇంజనీర్లకు చిరకాలముగా తెలిసిన సూత్రమే. దీనిని కూలీల విషయమున మొదట స్పష్టముగా చెప్పినవాడు ఇంగ్లండులో విలియం బెవరిడ్జి. లండను ఓడరేవులలో ప్రతి రేవు ద్వారమువద్దను విడివిడిగా కూలీలు గుంపులుగా నిలిచి, పిలుపునకై ఎదురుచూచుట ఆయన చూచెను. ఒక్కొక్క ద్వారమునకు ఒక్కొక్క నిలువ సైన్యము ఉండుటవలననే అందరికిని అరకొర పని దొరకుచున్నదని ఆయన 1909లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. అదే సంవత్సరము అక్కడ లేబరు ఎక్స్‌చేంజీల చట్టము వచ్చినది. 1910 ఫిబ్రవరి 1న మొదటి కార్యాలయములు తెరువబడినవి. నేటి అంతర్జాల విపణికి అవియే పూర్వరూపములు. మన దేశమున రెండవ ప్రపంచయుద్ధము ముగియుచుండగా, సైన్యమునుండి విడుదలైన వారికై 1945లో ఇట్టి కార్యాలయములు ఏర్పడి, 1948 నుండి అందరికిని తెరువబడినవి. ఖాళీలను ఈ కార్యాలయములకు తెలుపవలయునను 1959 నాటి చట్టము 1960 మే 1 నుండి అమలులోనికి వచ్చెను. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి అమలులోనికి వచ్చుటతో దాని స్థానమున కెరీరు కేంద్రములను గూర్చిన నియమములు చేరినవి. ఐతే ఆ పాత కార్యాలయముల జాబితా సంవత్సరముల తరబడి ఉద్యోగమునకై వేచియుండువారి జాబితా. రేపటి రాత్రికి వల లాగు పదిమందిని వెదకుటకు అది పుట్టలేదు.

పై లెక్కలో ఒక చేదు సంగతి కూడ కలదు. శ్రద్ధగా చదివినవారు గమనించియే యుందురు. 240 మందికి బదులు 185 మంది చాలినచో తక్కిన 55 మంది ఏమైరి? విపణి పనిని పుట్టింపలేదు. ఉన్న పనిని 185 మందికి నిండుగా పంచినది. ఈ ప్రశ్న బెవరిడ్జికే ఎదురయ్యెను. మిగిలినవారికి వేరు పని చూపవలసినదే యని ఆయన ఒప్పుకొనెను. మన దేశపు పెద్ద ఓడరేవులలో దీనికి మరియొక మార్గము త్రొక్కిరి. రేవు కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టము 1948లో వచ్చిన పిమ్మట బొంబాయి, కలకత్తా, మద్రాసులలోను, తరువాత విశాఖపట్టణములోను బోర్డులు ఏర్పడినవి. నమోదైన కార్మికునికి వంతు ప్రకారము పని, నెలకు కొన్ని దినముల కనీస హామీ, పని లేని దినమున హాజరు భత్యము ఏర్పాటు చేసిరి. అనగా ఎదురుచూచుటకు కూడ వెల కట్టిరి. నేటి ఫోను విపణులలో ఎదురుచూచు కాలమునకు వెల లేదు. అది పూర్తిగా కూలివాని ఖాతాలోనే పడును.

ఐనను విపణివలన సంపద ఏమాత్రము పెరుగదనుటయు సరికాదు. రొయ్యల సాగునే చూడుడు. తెల్లమచ్చ వైరసు సోకిన గుంటలో మూడు మొదలు పది దినములలోపల రొయ్య దాదాపుగా తుడిచిపెట్టుకొని పోవచ్చును. లక్షణములు కనబడిన వెంటనే పట్టివేసినచో పంటలో కొంతయైన దక్కును. మనుషులు దొరకక రెండు దినములు గడచినచో అదియు దక్కదు. ఆ రాత్రికి పదిమంది దొరకుట రైతునకు పంట మిగులుట, కూలీలకు లేని పని కలుగుట. ఇది పంచుకొన్న పని కాదు, కొత్తగా పుట్టిన పని. వరికోతల కాలమున వాన ముంచుకొని వచ్చినప్పుడును ఇంతే.

మేస్త్రీ చేతిలోని మూడు సాధనములు

మేస్త్రీని దుర్మార్గునిగా చిత్రించి, ఫోనును అతనికి బదులుగా నిలుపుట సులభము. అది శాస్త్రీయము కాదు. అతడు మూడు పనులు చేయుచున్నాడు. మొదటిది, ఎక్కడ పని యున్నదో తెలిసికొనుట. రెండవది, ఇరువైపులను పూచీ పడుట: వీరు రాత్రి పని మధ్యలో వదలిపోరని రైతునకు, కూలి ఎగవేయరని కూలీలకు. మూడవది, పని లేని కాలమున అడ్వాన్సు ఇచ్చుట.

మొదటి పనిని కంప్యూటరు అతనికంటె బాగుగా చేయగలదు. రెండవ పనిని కొంతవరకు చేయగలదు. పని ముగిసిన పిమ్మట ఉభయులును ఒకరికొకరు గుర్తింపు నిచ్చుకొనుట, కూలి నేరుగా బ్యాంకు ఖాతాలోనికి పోవుట ఇందుకు సాధనములు. మూడవ పని దానివలన కాదు. నెల్లూరు జిల్లాకు వానలు ముఖ్యముగా ఈశాన్య ఋతుపవనమువలన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. వాయుగుండములు వచ్చునదియు అప్పుడే. ఉప్పుమడులు నీట మునుగును, గుంటలపై పని తగ్గును, పడవలు ఒడ్డున నుండును. ఆ నెలలలో ఇంటిలో బియ్యము నిండుకొన్నప్పుడు అడుగవలసినది ఎవరిని? మేస్త్రీని, లేదా గుంట యజమానిని. అప్పుడు తీసికొన్న కొద్దిపాటి మొత్తమే వేసవిలో ఎవరి గుంటలో, ఎంత కూలికి పని చేయవలయునో నిర్ణయించును.

ఈ బంధము అందరికంటె బలముగా తగిలినవారు యానాదులు. నెల్లూరు ప్రాంతమున వీరి జనసంఖ్య ఎక్కువ. వారి అభివృద్ధికై ప్రత్యేకించిన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ నెల్లూరులోనే కలదు. చేపలు, పీతలు పట్టుట వీరికి పుట్టుకతో వచ్చిన విద్య. రొయ్యల సాగు వచ్చిన తరువాత ఎన్నో కుటుంబములు గుంటగట్టుపై గుడిసె వేసికొని కాపలాకు కుదిరినవి. అప్పునకు బదులుగా మనిషిని కట్టివేయుట 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ప్రకారము నేరము. అయినను చట్టము నేరమన్నంతమాత్రమున, వానకాలపు ఆకలికి మరియొక ఆధారము కలుగదు. ఇట్టి కుటుంబమునకు పక్క ఊరిలో ఎక్కువ కూలి కలదని ఫోను తెలిపినను, అప్పు తీరక కదలుటకు వీలులేదు. సమాచారము చేరినను స్వేచ్ఛ చేరలేదన్నమాట. కేరళ జాలరికి వేరు రేవునకు మరలించుకొనుటకు తన చేతిలో పడవ యుండెను. యానాది కాపలాదారునికి ఆ పడవ లేదు.

ఈ మూడవ పనికి సమాధానము నెల్లూరు జిల్లాలోనే మరియొక చోట దొరకును. 1992లో కలిగిరి మండలములోని దూబగుంటలో స్త్రీలు ఆరంభించిన సారా వ్యతిరేకోద్యమము రాష్ట్రమంతటను వ్యాపించిన సంగతి సుప్రసిద్ధము. సారాకు పోవు డబ్బు మిగిలినప్పుడు దానిని ఏమి చేయవలయునను ఆలోచననుండి ఈ జిల్లాలో పొదుపులక్ష్మి సంఘములు పుట్టినవి. నేడు ప్రతి గ్రామమునను గల స్వయం సహాయక సంఘములలో వాని పోలిక కలదు. ఇట్టి సంఘము వానకాలమున సభ్యులకు అప్పు ఇచ్చినచో మేస్త్రీ అడ్వాన్సునకు పట్టు సడలును. అంతేకాదు, సంఘమే ఒక ముఠాగా విపణిలో నమోదు కావచ్చును. పదిమంది విడివిడిగా నమోదైనప్పుడు వారి పూచీ ఎవరు పడుదురను ప్రశ్న వచ్చును. సంవత్సరముల తరబడి అప్పులు తీర్చిన సంఘము నమోదైనప్పుడు ఆ ప్రశ్నకు దాని లెక్కల పుస్తకమే జవాబు. ఉపాధి విపణులను రూపొందించు ఇంజనీర్లు తరచుగా ఒక్క మనిషిని, ఒక్క ఫోనును మాత్రమే దృష్టియందు ఉంచుకొందురు. తీరమున పని మాత్రము ముఠాగా జరుగును.

స్త్రీల విషయము

ఒక్క ఫోను అనునది స్త్రీల విషయమున మరింత ముఖ్యము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయముగా వాడుకొను ఫోను గల స్త్రీలు సగమునకు కొంచెము తక్కువ. రొయ్యల శుద్ధి కర్మాగారములలో తల వొలుచుట, తోలు తీయుట చాలవరకు స్త్రీల పనియే. ఆ పని పిలుపు ఇంటిలోని పురుషుని ఫోనునకు వచ్చునంతవరకు దానిని అందుకొనుటయు, మానుటయు అతని యిష్టము.

పని సమాచారము స్త్రీలకు నేరుగా చేరినచో ఊరిలో ఏమి మారునో తెలుపు ఒక పరిశోధన కలదు. పైన చెప్పిన జెన్సెనే ఢిల్లీకి అంత సమీపముగాని 160 గ్రామములు తీసికొని, వానిలో సగమింటికి మూడు సంవత్సరములపాటు ఉద్యోగములకు ఎంపిక చేయువారిని పంపించెను. ఆంగ్లము, కంప్యూటరు తెలిసిన యువతులకు ఢిల్లీ కార్యాలయములలో ఎట్టి ఉద్యోగములు కలవో, వానికి ఎట్లు దరఖాస్తు చేయవలయునో వారు చెప్పిరి. తక్కిన సగము గ్రామములకు ఎవరును పోలేదు. 2012లో ప్రకటించిన ఫలితముల ప్రకారము సమాచారము చేరిన గ్రామములలో ఎక్కువమంది యువతులు ఉద్యోగములలో చేరిరి, పెండ్లియు కాన్పును వాయిదా వేసికొన్నవారు పెరిగిరి. ఇది ఊహింపదగినదే. ఊహింపనిది మరియొకటి: ఉద్యోగపు వయస్సు ఇంకను రాని బాలికల చదువు, శరీరపుష్టి కూడ ఆ గ్రామములలో మెరుగుపడెను. కూతురు రేపు సంపాదింపగలదని తెలిసిన ఇంటిలో నేడు ఆమె కంచములో వడ్డన మారినది. ఉపాధి విపణివలన సమాజమునకు కలుగు మేలును ఉద్యోగము దొరకినవారి సంఖ్యతోనే కొలుచువారు ఈ ఫలితమును గమనింపవలయును.

నెల్లూరు తీరపు దక్షిణ భాగమున, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన తడ, సూళ్ళూరుపేట ప్రాంతములలో ఇట్టి మార్పు జరుగుటకు అవకాశము కలదు. 2008లో ప్రారంభమైన శ్రీసిటీలో ఎలెక్ట్రానిక్ పరికరములు కూర్చు కర్మాగారములలో స్త్రీలు పెక్కుమంది పనిచేయుచున్నారు. ఊరినుండి బస్సు కలదా, రాత్రి వంతు ఎన్నింటికి ముగియును, వసతిగృహము ఎట్టిది అను సంగతులు జీతమునకంటె ముందు తెలియవలసినవి. ఖాళీల ప్రకటనలో ఇవి లేకున్నచో ఆ ప్రకటన తల్లిదండ్రుల దృష్టిలో సగము ప్రకటనయే.

ఎదురుదెబ్బలు

గణితములో ఒక షరతు చెప్పబడినది: ఊళ్ళ హెచ్చుతగ్గులు ఒకదానితో నొకటి సంబంధము లేనివైనచో అని. ఈ షరతు తప్పినప్పుడు ఆ సూత్రము పనిచేయదు. 1994-95లో తెల్లమచ్చ వైరసు ఆంధ్ర తీరమును చుట్టుముట్టినప్పుడు ఒక ఊరి గుంట కాదు, అన్ని ఊళ్ళ గుంటలును ఒక్కసారియే పాడైనవి. 2009 నుండి వెనామీ రొయ్య వచ్చి సాగు మరల లేచినది. 2025 ఆగస్టు 27 నుండి అమెరికా మన సరకుపై సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడును దెబ్బ అంతటను ఒకేసారి తగిలినది. ఇట్టి వేళ పది ఊళ్ళను కలిపినను, నూరు ఊళ్ళను కలిపినను అన్నిచోట్లను పని లేకపోవుటయే కనబడును.

అందుచేత ఊళ్ళను కలుపుటకంటె వృత్తులను కలుపుట తీరమునకు ఎక్కువ మేలు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ప్రభుత్వము 2025 నుండి ఆ కాలమునకు కుటుంబమునకు 20,000 రూపాయలు ఇచ్చుచున్నది. సరిగా ఆ రెండు నెలలలోనే గుంటలపై వేసవి పంట పట్టుబడికి వచ్చును, ఇసకపల్లివంటి చోట్ల ఉప్పుమడులలో పని ముమ్మరముగా నుండును. జువ్వలదిన్నె, మైపాడు, కోడూరు ప్రాంతముల పట్టపువారికి వల లాగుట ఎవరును నేర్పనక్కరలేదు. వరికోతలు అంతకుముందే, మార్చి ఏప్రిల్ నెలలలో ముగియుచుండును. ఒకదాని వెనుక ఒకటిగా వచ్చు ఈ పనులను ఒకే పట్టికలో చూపు విపణి లేదు. ప్రతి వృత్తికి దాని మేస్త్రీలు వేరు. పైన లెక్కలో మిగిలిపోయిన 55 మందికి దారి ఇందులోనే కలదు. కృష్ణపట్టణము రేవులోని ఎత్తుడు దింపుడు పనులు, రామాయపట్టణమువద్ద నిర్మాణపు పనులు కూడ ఈ పట్టికలో చేరదగినవే.

మరియొక ఎదురుదెబ్బ సూక్ష్మమైనది. మన దేశమున వృత్తిశిక్షణ పొందిన యువకులను ఒక అంతర్జాల విపణిలో చేర్చి పరిశీలించిన శాస్త్రజ్ఞులకు వింత ఫలితము కనబడెను. చేరినవారిలో కొందరు, త్వరలో మంచి ఉద్యోగపు పిలుపు రాగలదను ఆశతో, దొరకిన చిన్న పనిని కాదని ఖాళీగా నుండిరి. విపణి వాగ్దానము చేయునది దానికి గల ఖాళీలకంటె పెద్దదైనప్పుడు ఇట్లు జరుగును. లక్షల ఉద్యోగములని ప్రకటించుకొను వేదిక, తన జాబితాలో ఇదే పనికి ఇదే మండలములో నిరుడు ఎందరు చేరిరో కూడ చూపినచో ఈ దోషము చాలవరకు తగ్గును. ఇక ముందుగా రుసుము అడిగి మాయమగు దొంగ ప్రకటనల సంగతి చెప్పనక్కరలేదు. గల్ఫు దేశములకు పోదలచినవారి విషయమున ఇది మరింత ప్రమాదకరము. 1983 నాటి వలసల చట్టము ప్రకారము నమోదుకాని ఏజెంటు అట్టి ఉద్యోగములకు మనుషులను కుదుర్పరాదు. నమోదైనవారి పేర్లు విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ వేదికలో చూడవచ్చును.

నియమము ఎవరిది?

కంప్యూటరు నిష్పక్షపాతముగా జత కూర్చునని పలువురి నమ్మకము. 1962లో గేల్, షాప్లీ అను గణితశాస్త్రజ్ఞులు రెండు పక్షములను జతపరచు విధానమును ఒకదానిని నిరూపించిరి. ఆ విధానమున ఎవరును తమ జతను వీడి మరియొకరితో పోవుటకు ఇష్టపడని స్థిరమైన ఏర్పాటు ఎల్లప్పుడును దొరకును. అయితే అట్టి ఏర్పాట్లు ఒకటికంటె ఎక్కువ ఉన్నప్పుడు, ముందుగా ప్రతిపాదించిన పక్షమునకు వానిలో అత్యుత్తమమైనది దక్కును. రెండవ పక్షమునకు అత్యల్పమైనది. సూత్రము ఒకటే, ఫలము మాత్రము ఎవరు మొదట అడిగిరను దానినిబట్టి మారును. ఎల్లప్పుడును యజమానియే కూలివానిని ఎన్నుకొని, కూలివాడు ఔను కాదని మాత్రమే చెప్పు విపణిని కట్టుట ఒక నిర్ణయము. కూలీలే గుంటను ఎన్నుకొనునట్లు కట్టుటయు సాధ్యమే.

పేరు, ఇంటిపేరు, ఊరిలో ఏ పాలెము అనునవి మొదటనే కనబడినచో కులము కనబడినట్లే. పని రకము, అనుభవము, దూరము మాత్రము మొదట చూపి, ఒప్పందము కుదిరిన పిమ్మట పేరు చూపుటకు యంత్రమునకు కష్టమేమియు లేదు. చేసిన దినముల లెక్క, దానిపై వచ్చిన గుర్తింపు ఎవరి ఆస్తి యనునది ఇంకను ముఖ్యము. ఒక వేదికలో మూడు సంవత్సరములు మంచి పేరు తెచ్చుకొన్న ముఠా మరియొక వేదికకు పోవునప్పుడు ఆ పేరును తీసికొని పోలేకున్నచో, మేస్త్రీ అడ్వాన్సునకు బదులు కొత్త కట్టుకొయ్య ఏర్పడినదన్నమాట. ఈ-శ్రమ్ నమోదులో ఇచ్చు 12 అంకెల సంఖ్య దేశమంతటను ఒకటే. పని దినముల లెక్క ఏ వేదికలో జరిగినను ఆ సంఖ్య క్రిందనే చేరునట్లు చేసినచో, దానిని చూపి బ్యాంకులో వానకాలపు అప్పు అడుగుటకును వీలగును. ఆ లెక్క లేకనే గదా యానాది కాపలాదారుని మాట ఎక్కడను చెల్లకున్నది.

సామాజిక భద్రతా స్మృతి వేదికల నడుపువారు తమ వార్షికాదాయములో 1 నుండి 2 శాతము వరకు, పనివారికి చెల్లించిన మొత్తములో 5 శాతమునకు మించకుండ, కార్మికుల నిధికి ఇవ్వవలయునని విధించినది. వాహనములు, ఆహారపు పంపిణీ మొదలగు సేవల వేదికలను ఉద్దేశించి వ్రాసిన నియమమిది. రాత్రి గుంటకు పదిమందిని పంపు వేదిక కూడ తాను కూలి మొత్తమునుండి వాటా తీసికొనునదైనచో, దానిని ఈ నియమమునుండి తప్పించుటకు తగిన కారణము కనబడదు.

తీరమున ఇట్టి విపణి నడచుటకు గొప్ప యంత్రములు కావలసినవి కావు. పిలుపు తెలుగు మాటగా వినబడవలయును, అక్షరములుగా మాత్రమే కాదు. చదువురాని వానికి ఒక్క మీట నొక్కి ఔననుటకు వీలుండవలయును. గుంట ఎక్కడిదో, కూలి ఎంతో, తిరుగు ప్రయాణమునకు బండి కలదో లేదో ఆ పిలుపులోనే యుండవలయును. 2019 అక్టోబరు 2న ఏర్పడిన గ్రామ సచివాలయములందు ఫోనులేని కుటుంబములను నమోదు చేయవచ్చును. సాయంకాలము ఆరు గంటలలోపల పిలుపు అందినచో ఇద్దరు బిడ్డలున్న తల్లి వారిని పొరుగింట నప్పగించి రాత్రి పనికి రాగలదు. తొమ్మిది గంటలకు అందినచో రాలేదు.